150–600 జూమ్: 600 దగ్గర మెత్తబడితే తప్పు లెన్స్‌దేనా?

గెడ్డగట్టు
విశాఖ దగ్గర మేఘాద్రిగెడ్డ జలాశయం గట్టు మీంచి గూడబాతులు, లకుముకి పిట్టలు తీస్తున్నా. 24 మెగాపిక్సెళ్ళ క్రాప్ సెన్సార్ డీఎస్‌ఎల్‌ఆర్, 150–600 జూమ్. ఉదయం తొమ్మిదిన్నర, 600 ఎంఎం, ఎఫ్/6.3, 1/1250, ఐఎస్ఓ 400. పిట్ట వంద మీటర్ల దూరంలో ఉంటుంది. ఈకలు విడివిడిగా కనబడవు, ముద్దగా ఉంటాయి. 400 దగ్గర ఫర్వాలేదు. ఇది అమ్మేసి 300 ఎఫ్/4 ప్రైమ్ (జూమ్ కాని లెన్స్), దాని పొడవు పెంచే 1.4 కన్వర్టర్ కొనుక్కోనా?

ఎఫ్ఎనిమిది
అమ్మకండి. 300కి 1.4 తగిలిస్తే వచ్చేది 420 ఎఫ్/5.6. ఉన్న 600 పోతుంది. ఈ తరగతి జూమ్‌లు చాలావరకు చివరకొచ్చేసరికి కాస్త మెత్తబడతాయి. అపర్చర్ కాస్త మూసి ఎఫ్/8 పెట్టండి, షట్టర్ అలాగే ఉంచి ఐఎస్ఓ 640 చెయ్యండి.

ముందు లెన్స్‌ని పరీక్షించండి. నీడలో గోడకి న్యూస్‌పేపర్ అతికించి, 15 మీటర్ల దూరంలో ట్రైపాడ్ మీద పెట్టి, వణుకు తగ్గించే స్టెబిలైజేషన్ ఆపేసి, రెండు సెకన్ల టైమర్‌తో తియ్యండి. లైవ్ వ్యూలో ఫోకస్ చేసి నాలుగు, వ్యూఫైండర్‌తో నాలుగు. లైవ్ వ్యూలో అక్షరాలు పదునుగా ఉండి వ్యూఫైండర్‌లో మసకబారితే ఫోకస్ ముందుకో వెనక్కో పడుతున్నట్టు. బాడీలో ఆ తేడాని దిద్దే ఏఎఫ్ ఫైన్ ట్యూన్ ఉంటే సరిచేసుకోవచ్చు. రెండూ మసకే అయి ఎఫ్/8లో తేరుకుంటే అది ఆ లెన్స్ తీరు.

పాతకెమెరా
లెన్స్ ముందు యూవీ ఫిల్టర్ ఉంటే తీసెయ్యండి.

తీరంగాలి
ఎఫ్/8తో ఏమీ మారదు. తొమ్మిదిన్నరకి గట్టు రాళ్ళు వేడెక్కి ఉంటాయి. ఆ వేడిగాలి, నీటి మీది చల్లగాలి కలిసే చోట వంద మీటర్ల పొడవునా చూస్తున్నారు. ఏ అపర్చరూ దాన్ని ఆపలేదు.

తేల్చుకోవడం సులభం. కదలని పిట్టని పది ఫ్రేములు వరసగా కొట్టండి. ఒకటి పదును, రెండోది వంకర, మూడోది మెత్తన, ఇలా మారుతుంటే తప్పు గాలిది. పదీ ఒకేలా మెత్తగా ఉంటేనే లెన్స్‌నీ ఫోకస్‌నీ అనుమానించాలి. ఏసీ కారులోంచి అప్పుడే తీసిన లెన్స్ హుడ్ లోపల కూడా ఇదే జరుగుతుంది. బ్యాగు తెరవకుండా అరగంట నీడలో ఉంచండి. మన ఉక్కపోతకి అద్దం మీద ఆవిరి పట్టడమూ తప్పుతుంది.

ఎఫ్ఎనిమిది
గాలే కారణమైతే 400 దగ్గర ఎందుకు బాగుంది? ఆయన రాసింది చదవండి.

తీరంగాలి
చదివాను. 400 దగ్గర పిట్ట చిన్నదవుతుంది, దాంతోపాటు వంకరా చిన్నదవుతుంది. ఆ ఫొటోని 600 అంత పెద్దది చేసి పక్కన పెట్టి చూడండి. 15 మీటర్ల న్యూస్‌పేపర్ పరీక్షలో గాలి దొరకదు, అందుకే మీ లెన్స్‌లన్నీ ఎఫ్/8లో బాగుపడతాయి.

ఎఫ్ఎనిమిది
లెన్స్‌ని విడిగా చూడాలనే కదా నీడలో 15 మీటర్లు చెప్పింది! మీకు ప్రతి మసకా గాలే.

తూనీగ
ఇద్దరూ దూరాన్ని వదిలేశారు. లెక్క చూడండి. క్రాప్ సెన్సార్ వెడల్పు 23.5 మిల్లీమీటర్లు. 600 ఎంఎంతో వంద మీటర్ల దగ్గర ఫ్రేములో పట్టేది దాదాపు 3.9 మీటర్లు. అడ్డంగా 6000 పిక్సెళ్ళు. 16 సెంటీమీటర్ల చిన్న లకుముకికి దక్కేది 250 లోపే. 25 మీటర్లకి వస్తే అదే పిట్టకి 980. ఏ లెన్సూ ఇవ్వలేనిది దగ్గరితనం ఇస్తుంది, మధ్యలో గాలీ తగ్గుతుంది. గట్టు దిగండి.

తీరంగాలి
ఇదిగో, ఇక్కడికే వస్తారనుకున్నా. అందరూ గట్టు దిగితే పిట్టలు ఉంటాయా? శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూళ్ళ కాలంలో ఒక్కరు చెట్టు కిందికెళ్ళినా తల్లిపక్షి ఎగిరిపోతుంది. పిల్లలు ఎండకీ కాకులకీ వదిలేసినట్టే. 1972 వన్యప్రాణి చట్టంలో అడవి పక్షుల గూళ్ళనీ గుడ్లనీ కదిలించడం కూడా వేట నిర్వచనంలోకే వస్తుంది. పెద్ద జూమ్ కనిపెట్టిందే దూరంగా ఉండటానికి.

తూనీగ
గూటి దగ్గరకెళ్ళమని నేనెక్కడ అన్నాను? నాకున్నది 70–300. దూరంగా నిలబడమని నీతి చెప్పేవాళ్ళందరి చేతుల్లోనూ రెండు కిలోల లెన్స్‌లే. మాలాంటివాళ్ళు మానెయ్యాలా?

ఎఫ్ఎనిమిది
ఈ ఒక్కమాటకి నేను తీరంగాలి పక్షం. లెన్స్ చిన్నదైతే ఫొటో తగ్గాలి, పిట్ట బెదరకూడదు.

తూనీగ
నడిచి వెళ్ళమనడం లేదు. వెలుగు రాకముందే వెళ్ళి, సూర్యుణ్ణి వెనక పెట్టుకుని, తుమ్మ నీడలో మట్టిరంగు గుడ్డ కప్పుకుని కదలకుండా కూర్చోండి. లకుముకి రోజూ వాలే కొమ్మని ముందురోజే దూరం నుంచి చూసుకోవాలి. రెట్టలు పడి తెల్లబడిన కొమ్మ అదే. మీరు దాని దగ్గరికి పోరు, అదే వస్తుంది. ఆ పొద్దున గాలీ చల్లగానే ఉంటుంది.

తీరంగాలి
కూర్చోవడం మీద నాకు గొడవ లేదు. ఒడ్డున బొరియలున్న చోట మాత్రం వద్దు, లకుముకి గుడ్లు పెట్టేది అందులోనే. మేత ఆపి తలెత్తి మీవైపే చూస్తోందంటే అప్పటికే దగ్గరైపోయారు, ఇంకా ముందుకి జరగొద్దు.

తూనీగ
తలెత్తడం నేనూ గమనిస్తాను. మీరు 600 పట్టుకుని గమనించేది నేను 300తో గమనిస్తాను, అంతే తేడా.

గెడ్డగట్టు
పది ఫ్రేములు కొట్టి చూశాను. మూడు పదునుగా ఉన్నాయి, మిగతావి ఒక్కోటి ఒక్కోలా. న్యూస్‌పేపర్ మీద వ్యూఫైండర్ కూడా కొంచెం వెనక్కి పడుతోంది, అదీ సరిచేస్తా. ట్రైపాడ్ మీద గింబల్ హెడ్ (బరువు లెన్స్‌ని తేలిగ్గా తిప్పనిచ్చే తల) లేకుండా స్టెబిలైజేషన్ ఉంచాలా, తియ్యాలా?

ఎఫ్ఎనిమిది
ట్రైపాడ్ తల బిగించి తీస్తే ఆపెయ్యండి. వదులుగా తిప్పుతూ తీస్తే ఉంచండి. ట్రైపాడ్‌ని లెన్స్ చుట్టూ ఉండే కాలర్‌కే బిగించండి, బాడీకి కాదు.