11 ఏళ్ల పాపకి బొమ్మల నవలలు చెప్తారా?

మా అక్క కూతురికి 11 ఏళ్లు. అక్కా బావా విడిగా ఉంటున్నారు, పాప మలక్‌పేటలో మా అమ్మ దగ్గర ఉంటోంది. బడి నుంచి వచ్చాక ఎవరితోనూ మాట్లాడదు. పేజీ నిండా అక్షరాలుంటే పక్కన పెట్టేస్తుంది, బొమ్మలుంటే మాత్రం కదలదు.

జారెట్ క్రొజాస్కా 'హే, కిడ్డో' (2018) తెప్పించాను. అమ్మమ్మ, తాతయ్య పెంచిన పిల్లాడి కథ, రచయిత సొంత కథే. నాకైతే ఏడుపొచ్చింది. కానీ అందులో తల్లి హెరాయిన్‌కి బానిస. ఈ వయసుకి బరువేమో అని బీరువాలో దాచేశాను. సీసీ బెల్ 'ఎల్ డెఫో' ఇస్తే రెండు రోజుల్లో చదివేసింది. వినపడని కుందేలు పిల్ల, స్నేహితుల కోసం దాని తంటాలు... ఇప్పుడది దిండు కింద పెట్టుకుని పడుకుంటోంది!

అలాంటివి ఇంకేం ఉన్నాయి? అమ్మానాన్న విడిపోయిన ఇల్లు కథలో ఉన్నా పర్లేదు, చివర్లో ఇద్దరూ కలిసిపోయేవి మాత్రం వద్దు. లేనిపోని ఆశ పెట్టుకుంటుంది. తెలుగులో ఉంటే మా అమ్మ కూడా పక్కన కూర్చుని చదువుతుంది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద వెతికితే సూపర్‌హీరోలే దొరికారు. కొత్తవి కొనాలంటే ఖరీదెక్కువ. దిల్‌సుఖ్‌నగర్ వైపు పిల్లల పుస్తకాలు అద్దెకిచ్చే లైబ్రరీ ఏదైనా ఉంటే కాస్త చెప్పండి.