పార్ట్‌టైం కుర్రోళ్ల జీతంలో తరుగు పట్టుకోవచ్చా?

డిగ్రీ_కావలి:
కిరాణా కొట్టులో సాయంత్రం 5 నుంచి 9 దాకా పార్ట్‌టైం. ప్యాకింగ్, ర్యాకులు సర్దడం, రద్దీ ఉంటే బిల్లింగ్. నెలకు 4,500 మాట్లాడుకున్నాం. ఈ నెల చక్కెర, కందిపప్పు, బెల్లం, నూనెలో తరుగు వచ్చిందని 600 పట్టుకున్నారు. ప్యాకింగ్ చేసేది ముగ్గురం, ముగ్గురికీ అంతే. ఎంత ఉండాలి, ఎంత ఉంది అని రాసిన కాగితమేదీ చూపించలా. ఇట్టా పట్టుకోవచ్చా?

గల్లాపెట్టె_నెల్లూరు:
పట్టుకోవచ్చు. నాదీ కిరాణా కొట్టే. 50 కిలోల చక్కెర బస్తా విప్పితే 50 ప్యాకెట్లు రావాలి. 49 వస్తే ఆ కిలో ఏమైనట్టు? చక్కెర మీద కిలోకు రూపాయి మిగిలితే గొప్ప. కిలో పోయిందంటే ఆ బస్తా లాభమంతా పోయినట్టే. స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేల్ బజారు నుంచి ఆటో కిరాయి, హమాలీ కూలి అదనం. అజాగ్రత్తకు ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాలి కదా.

కాటా_ఒంగోలు:
తమ్ముడూ, ముందు లెక్క చూడు. 50 కిలోల బస్తాను కిలో ప్యాకెట్లు కడితే 50 సార్లు తూస్తావు. ప్రతిసారీ పది గ్రాములు మొగ్గు పోతే అర కిలో తగ్గుద్ది. అదే బస్తాను అర కిలోలు కడితే వంద సార్లు, కిలో తగ్గుద్ది. పావు కిలోలైతే రెండు వందల సార్లు, రెండు కిలోలు. చేయి అదే, కాటా అదే, మారింది ప్యాకెట్ సైజు. ఆ సైజు చెప్పేది ఓనరు.

ఇక కాటా సంగతి. ఎక్కువ కొట్లలో ఉండేది 30 కిలోల ఎలక్ట్రానిక్ కాటా. దాని రేకు మీద చూడండి: గరిష్ఠం 30 కిలోలు, కనిష్ఠం 100 గ్రాములు, మెట్టు (అంటే అంకె ఒక్కోసారి మారేది) 5 గ్రాములు అని ఉంటది. 250 అని చూపించినప్పుడు పళ్లెంలో 248 ఉండొచ్చు, 252 ఉండొచ్చు. దాని మీద 50 గ్రాముల జీలకర్ర, యాలకులు తూయడమే తప్పు, ఎందుకంటే అది వంద గ్రాముల లోపు తూకానికి చేసింది కాదు. మసాలా సరుకుకు గ్రాము మెట్టున్న చిన్న కాటా వేరే ఉండాలి. నెత్తిన ఫ్యాను తిరుగుతుంటే గాలి పళ్లెం మీద పడి అంకె ఊగుద్ది. కాళ్ల స్క్రూలు తిప్పి నీటి బుడగను నడిమధ్యకు తేకపోతే తూకం ఎన్నటికీ కుదరదు. ఇవన్నీ సరిచేసి ఇచ్చారా కుర్రోళ్లకి?

ఇంకొకటి గోనె. 50 కిలోల జనపనార సంచి ఖాళీదే 580 గ్రాముల దాకా తూగుద్ది. చక్కెర నికరంగా 50 కిలోలు వస్తుంది, దాంతో పేచీ లేదు. లూజు పప్పులు, ఎండుమిర్చి మాత్రం సంచితో కలిపి తూకం వేసి దింపేవాళ్లు ఉన్నారు. దింపుకునేటప్పుడు తూయకుండా సంతకం పెడితే ఆ అర కిలో పొద్దున్నే పోయింది. సాయంత్రం ఐదుకొచ్చే పిల్లోడికీ దానికీ ఏం సంబంధం?

రొయ్యలగుంట:
ఎండుమిర్చి కోల్డ్ స్టోరేజి నుంచి దిగిన వారానికే బరువు తగ్గుద్ది. చెమ్మ పోతుంది. దానికెవరి జీతం పట్టుకుంటారు?

గల్లాపెట్టె_నెల్లూరు:
కాటా_ఒంగోలు గారూ, మొగ్గు వేయమని వాళ్లకెవరు చెప్పారు? కవరు నాలుగైదు గ్రాములుంటది. కవరుతో కలిపి 1000 చూపించగానే ఆపేయాలి. అప్పుడు 50 కిలోలకు 50 ప్యాకెట్లూ వచ్చి పైన పావు కిలో మిగలాల. నేల మీద ఒలికేదానికి, సంచి కుట్టులో ఇరుక్కునేదానికి ఆ మిగులు సరిపోద్ది. అంత చేశాక కూడా తరుగు వచ్చిందంటే పని సరిగ్గా చేయలేదనే.

కాటా_ఒంగోలు:
కవరు బరువును సరుకులో కలపమని పిల్లలకు నేర్పిస్తున్నారా? తూనికలు కొలతల చట్టం 2009లో వచ్చింది, ప్యాకెట్ సరుకు నియమాలు 2011 నుంచి ఉన్నాయి. ప్యాకెట్ మీద రాసేది నికర బరువు, కవరు అందులోకి రాదు. తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టరు ప్యాకెట్ విప్పి లోపలి సరుకే తూస్తాడు. కిలో ప్యాకెట్ ఒకదానిలో 15 గ్రాముల దాకా అటూఇటూ అయితే నియమాలు ఒప్పుకుంటాయి గాని, వరసగా అన్నీ ఐదేసి గ్రాములు తక్కువుంటే సగటు పోయినట్టు, అది తప్పే.

చేయాల్సింది తేలిక. ఖాళీ కవరు పళ్లెం మీద పెట్టు, టేర్ బటన్ నొక్కు, సున్నా వచ్చాక సరుకు పొయ్యి. కవరు సైజు మారినప్పుడల్లా మళ్లీ నొక్కు. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి తూనికల శాఖ ముద్ర వేయించాలి. ఆ ముద్ర తేదీ ఎప్పటిదో ముందు చూసి, తర్వాత జీతం మీద చెయ్యి పెట్టండి.

గల్లాపెట్టె_నెల్లూరు:
నెల్లూరు ట్రంక్ రోడ్డు మొదలుకొని మూలాపేట దాకా కవరు బరువు తీసేసి తూసే కొట్టు ఒకటి చూపించండి.

కాటా_ఒంగోలు:
అందరూ చేస్తే ఒప్పైపోద్దా? కవరు కవరే, చక్కెర చక్కెరే.

పెన్నా_ఒడ్డు:
అబ్బాయి అడిగింది జీతం గురించి. మీరిద్దరూ కవరు దగ్గరే ఉండిపోయారు.

సంతపేట_లక్ష్మి:
నూనె సంగతి ఎవరూ ఎత్తలేదు. లూజు నూనె అమ్మే కొట్లలో పెద్ద తరుగు అక్కడే. లీటరు నూనె తూస్తే 910 గ్రాములే వస్తుంది. కొన్నవాళ్లు లీటరు అడిగితే కొలపాత్రతో పోయకుండా సీసాను కాటా మీద పెట్టి 1000 వచ్చేదాకా పోశారంటే ప్రతి లీటరుకూ 90 గ్రాములు ఎక్కువ పోయినట్టు. 15 కిలోల డబ్బా కొలతతో పోస్తే పదహారున్నర లీటర్లకు వస్తుంది, కాటాతో పోస్తే పదిహేనుకే అయిపోతుంది. డబ్బాకు లీటరున్నర తేడా! అందులో దొంగతనం లేదు, అజాగ్రత్తా లేదు. కొత్తగా వచ్చిన పిల్లోడికి లీటరుకు లీటరు కొలత, కిలోకు కాటా అని ఎవరూ చెప్పలేదు, అంతే. డబ్బాను బోర్లించి గరాటు మీద పది నిమిషాలు వదిలితే అడుగున పట్టుకున్న నూనె కూడా దిగుద్ది. ఆ పది నిమిషాలు ఆగనిచ్చే ఓనర్లు ఎంతమంది?

గల్లాపెట్టె_నెల్లూరు:
లక్ష్మమ్మా, నూనె లెక్క నువ్వు చెప్పింది సరే. నేను నూనెకూ బెల్లానికీ ఎవరినీ అడగను. బెల్లం దాని తీరు అది. మనకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ మూడు నెలలు అచ్చులు చెమర్చి గోనెకు అంటుకుంటాయి, గీకితే గాని ఊడవు. రోహిణిలో ఎండి బరువు తగ్గుద్ది, పగలగొడితే పొడి రాలుద్ది. అందుకే అచ్చులు గోడకు ఆనించకుండా చెక్క మీద పెట్టి, పైన పాలిథీన్ కప్పి, పొడి వేరే డబ్బాలో పోసి తక్కువ ధరకు అమ్మాలి. చింతపండూ అంతే. ఉల్లిపాయలు సరేసరి, పొట్టు పోను, కుళ్లు పోను. ఇవి తరిగేవని చిన్నపిల్లోడికైనా తెలుసు. నేననేది చక్కెర, పప్పు. అవి గాలికి ఆరిపోయేవి కాదు.

రొయ్యలగుంట:
ఆ కుర్రోడికి బెల్లం, నూనె కూడా కలిపే పట్టుకున్నారు. పైన చదవండి సార్.

కోర్టురోడ్డు_ఒంగోలు:
చట్టం సంగతి చెప్తా. పాత వేతన చెల్లింపు చట్టం 1936లోదీ ఇదే మాట, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌దీ ఇదే మాట. నష్టానికి జీతంలో పట్టుకోవాలంటే ఆ సరుకును ఆ మనిషికి ప్రత్యేకంగా అప్పగించి ఉండాలి. నష్టం అతని నిర్లక్ష్యం వల్లే నేరుగా జరిగి ఉండాలి. పట్టుకునే ముందు సంజాయిషీ చెప్పుకోనివ్వాలి. పట్టుకున్నది రిజిస్టరులో రాయాలి, అది జరిగిన నష్టానికి మించకూడదు.

ముగ్గురికీ సమానంగా 600 వేశారంటే ఎవరి తప్పో తేల్చలేదనే అర్థం. అదీగాక ఇలాంటి కొట్లలో ఆ ర్యాకు పొద్దున ఫుల్‌టైం వాళ్ల చేతుల్లో ఉంటుంది, మధ్యాహ్నం ఓనరు భార్య కూర్చుంటుంది. సాయంత్రం పిల్లలకు ఎవరు ఎంత అప్పగించారు?

గల్లా వేరు. ఐదుకు రాగానే చిల్లర, నోట్లు విడివిడిగా లెక్కపెట్టి కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెడితే అది అప్పగించినట్టు. దిగేటప్పుడు నగదు, యూపీఐ, ఖాతా పుస్తకం మూడూ బిల్లు మొత్తంతో సరిపోవాలి. సౌండ్ బాక్సు మోగకుండా ఫోన్లో చూపించిన బొమ్మ నమ్మి సరుకిస్తే అది బిల్లింగ్ మీదున్నవాడి పొరపాటని అనొచ్చు. అందులోనూ మెలికలున్నాయి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గినప్పుడు సబ్బులు, పేస్టులు, బిస్కెట్లలో పాత ధరవీ కొత్త ధరవీ ఒకే ర్యాకులో కలిసిపోయాయి. కంప్యూటర్లో ధర మార్చకుండా తేడా వస్తే దాన్ని కూడా పిల్లోడి నెత్తిన వేద్దామా?

గల్లాపెట్టె_నెల్లూరు:
చట్టాలు చదివి కొట్టు నడపలేం సార్. రిజిస్టర్లు, సంజాయిషీలు, సంతకాలు! నలుగురు మనుషులున్న కొట్టు ఇది, కలెక్టరాఫీసు కాదు. అప్పగించలేదంటున్నారు. అప్పగించడానికి మనిషి ఉంటే కదా? సరిగ్గా తొమ్మిదికి గడియారం చూసుకొని చెప్పులేసుకుంటారు. షట్టరు దించాక స్టాకు చూడాలి, మిగిలిన లూజు సరుకు తూయాలి, డబ్బాలు మూయాలి, ఎలకల బోను పెట్టాలి. ఒక్క రోజన్నా ఉంటారా? ఉంటే లెక్క అక్కడికక్కడే తేలుద్ది, ఎవరి జీతమూ పట్టుకోనక్కర్లా.

సంతపేట_లక్ష్మి:
ఇంతసేపూ చక్కెర, కవరు అన్నారు. అసలు కోపం తొమ్మిదికి వెళ్లిపోతున్నారనా అన్నా?

గల్లాపెట్టె_నెల్లూరు:
అవును, అదే. దాచేదేముంది? మా కాలంలో కొట్టులో చేరిన పిల్లోడు ఇంటి పిల్లోడే. షట్టరు దించేదాకా ఉండేవాడు, సరుకు గుర్తుపట్టడం, ధర కట్టడం, ఖాతాదారుతో మాట్లాడటం అన్నీ నేర్చుకునేవాడు. పండక్కి బట్టలు పెట్టేవాళ్లం, చదువుకు సాయం చేసేవాళ్లం. ఇప్పుడు రెండు నెలలు ఉంటారు, పని చేతికొచ్చేలోపు పరీక్షలని మానేస్తారు. నేర్పిన శ్రమ మాది, నష్టం మాది.

సంతపేట_లక్ష్మి:
అన్నా, బట్టలు పెడితే జీతం గంటలు చెరిగిపోవు. మాట్లాడుకున్నది తొమ్మిది దాకా. షట్టరు దించాక మీరు చెప్పిన పనులన్నీ చేస్తే పదింబావు అవుద్ది. ఊరవతల నుంచి వచ్చే ఆడపిల్లకు ఆ టైములో బస్సు ఉంటదా? రోజూ గంటంబావు చొప్పున నెలకు ఎన్ని గంటలవుతాయో వేసుకోండి. దానికి పైసా ఇవ్వరు, ఉండకపోతే అజాగ్రత్త అంటారు. ఇంటి పిల్లోడైతే కొనుగోలు బిల్లు చూపించండి. బస్తా ఎంతకు వచ్చింది, ఎంత తూగింది అని అడిగితే నీకెందుకు అంటారు. నష్టం వచ్చిన రోజు మాత్రం ఇంటివాడు.

గల్లాపెట్టె_నెల్లూరు:
నా కొట్టు బిల్లు పిల్లోడికి చూపించాలా? రేపు పక్క కొట్టుకు పోయి నేను ఎంతకు కొంటున్నానో చెప్తే? బిల్లు చూపించను. ఈ మాట తెగేసి చెప్తున్నా.

కాటా_ఒంగోలు:
ధర చూపించొద్దు, బరువు చూపించండి. విప్పిన ప్రతి బస్తాకూ ఒక చీటీ: విప్పిన తేదీ, వచ్చిన నికర బరువు, ఎన్ని కిలోలు, ఎన్ని అర కిలోలు, ఎన్ని పావులు కట్టాం, అడుగున మిగిలిన నూక, దుమ్ము ఎంత, కట్టినవాళ్ల పేరు. నూకను పారేయకుండా తూసి రాయాలి, చాలా తరుగు దాంట్లోనే దొరుకుద్ది. బస్తా మొత్తాన్ని ఒకే మనిషి కట్టాలి. సగం ఒకరు, సగం ఇంకొకరు కడితే ఎవరి చేతిలో ఏం పోయిందో దేవుడికి కూడా తెలియదు. కవరు మాత్రం టేర్ చేయాల్సిందే.

గల్లాపెట్టె_నెల్లూరు:
మళ్లీ కవరా!

పెన్నా_ఒడ్డు:
షట్టరు తొమ్మిదికైతే ఎనిమిదిన్నరకే లూజు అమ్మకం ఆపి తూకాలు మొదలుపెట్టండి. ప్యాకెట్ సరుకు తొమ్మిది దాకా అమ్ముకోవచ్చు.

గల్లాపెట్టె_నెల్లూరు:
ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదే మాకు అమ్మకం. ఆఫీసుల నుంచి, షాపుల నుంచి వచ్చేవాళ్లంతా అప్పుడే. లూజు ఆపితే పక్క కొట్టుకు పోతారు. వారానికి ఒక రోజు, బుధవారమో గురువారమో, మధ్యాహ్నం ఖాళీగా ఉంటది. ఆ రోజు రెండింటికి పిలిచి లెక్క చూపిస్తా, ఆ గంటలకు డబ్బులు ఇస్తా. రోజూ రాత్రి కూర్చుంటే మాత్రం అదనం ఇవ్వలేను, అంత మిగలదు.

కోర్టురోడ్డు_ఒంగోలు:
ఇవ్వలేనప్పుడు కూర్చోమనకూడదు. కూర్చోలేదని జీతం పట్టుకోకూడదు.

డిగ్రీ_కావలి:
అందరికీ థాంక్స్. మా కొట్టులో కాటా ముద్ర తేదీ చూశా, ఏడాది దాటింది. గురువారం లెక్క మాట మా ఓనరుతో అంటాను, బస్తా చీటీ రాయడానికి మేం ముగ్గురం సిద్ధమే. ముందు మాత్రం ఈ 600లో బెల్లం ఎంత, నూనె ఎంత, చక్కెర ఎంత అని విడగొట్టి రాసివ్వమని అడుగుతాం. రాసివ్వకపోతే వచ్చే నెల ముగ్గురం రాం.

గల్లాపెట్టె_నెల్లూరు:
విడగొట్టి అడుగు అబ్బాయ్, అది న్యాయమే. ముగ్గురూ ఒక్కసారే మానేస్తామని మాత్రం ముందే అనబాక. సంక్రాంతి సరుకు దిగే టైము, ఆ మాట వింటే ఏ ఓనరుకైనా కోపం వస్తుంది.

సంతపేట_లక్ష్మి:
సంక్రాంతి సరుకు దిగేటప్పుడే అడగాలి తమ్ముడూ. అప్పుడే వింటారు.