హాలో నైట్ ఆట స్టీల్ సోల్ మోడ్‌లో సేవ్ ఫైల్ కాపీ చేసుకుంటే ఆ అచీవ్‌మెంట్ లెక్కలోకి వస్తుందా?

నూటికినూరు (ఆదివారం, రాత్రి 9:10)
వారం రోజులు సెలవు పెట్టి వీడియో గేముల్లో మిగిలిపోయిన అచీవ్‌మెంట్లన్నీ (ఒక్కో సవాలు పూర్తి చేస్తే ప్రొఫైల్లో చేరే బొమ్మలు) పూర్తి చేద్దామని కూర్చున్నాను. ఏం చేశానో చెప్పి ఒక మాట అడుగుతాను.

సోమ, మంగళవారాలు ఎల్డెన్ రింగ్. 42 అచీవ్‌మెంట్లలో ముగింపులకు సంబంధించిన మూడే మిగిలాయి. చివరి బాస్ (పెద్ద శత్రువు) తర్వాత, ముగింపు ఎంచుకునే ముందు సేవ్ ఫైల్ (ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచే ఫైల్) కాపీ పెట్టుకుని మూడూ ఒకే రన్‌లో, అంటే మొదటినుంచి ఒక్కసారి ఆడిన ఆటలోనే, తెచ్చుకున్నాను. బుధవారం సెలెస్ట్‌లో 175 స్ట్రాబెర్రీలు అయిపోయాయి. చివరిది దొరికినప్పుడు ఇల్లంతా వినపడేలా అరిచాను. గురువారం నుంచి శనివారం దాకా హాలో నైట్, స్టీల్ సోల్ మోడ్. పోయిన నెలలో మొదలుపెట్టిన రన్ అది. మొత్తం 27 గంటలు పట్టింది, నూరు శాతంతో ముగించాను.

తెలియనివాళ్ల కోసం: స్టీల్ సోల్‌లో ఒక్కసారి చచ్చిపోతే ఆ ఫైల్ మొత్తం పోతుంది. నేను రోజూ ఆట ఆపేముందు ఫైల్ కాపీ చేసుకునేవాడిని. రెండుసార్లు చచ్చిపోయాను, ఒకసారి డీప్‌నెస్ట్‌లో, ఒకసారి కొలోసియంలో (రెండూ ఆ ఆటలోని చోట్లే). రెండుసార్లూ ముందురోజు కాపీ పెట్టుకుని ఆడాను. ఇది తప్పా? నా దృష్టిలో కాదు. మీరేమంటారు?

బొమ్మాబొరుసు
ముందు శుభాకాంక్షలు. ఆ 175 ఒక్కటే చాలు గొప్ప.

ఒక్కప్రాణం
తప్పు కాదు తమ్ముడూ, కానీ అది స్టీల్ సోల్ కూడా కాదు. ఆ మోడ్‌లో కొత్త శత్రువులు లేరు, కొత్త దారులు లేవు. మామూలు ఆటకీ దానికీ ఉన్న అసలు తేడా చస్తే పోతుందన్న భయమే. ఆ భయం తీసేస్తే నువ్వు ఆడింది మామూలు హాలో నైట్.

నేను మొదటిసారి 31వ గంటలో పోగొట్టుకున్నాను, కొలోసియం మూడో పోటీలో. రెండోసారి 19వ గంటలో. మూడోసారి పూర్తయింది. చివరి గంటలో చేతులు చల్లబడిపోయాయి, కుర్చీలోంచి లేవాలన్నా భయం వేసింది. ఆ గంట నీకు లేదు. నీ ప్రొఫైల్లోనూ నా ప్రొఫైల్లోనూ ఉన్నది మాత్రం ఒకే బొమ్మ.

నూటికినూరు
అన్నా, ఎల్డెన్ రింగ్‌లో చేసింది కూడా ఇదే పని. దాని గురించి మీరు ఒక్క మాట అనలేదే? అక్కడ కాపీ చేసుకునేవాళ్లు ఎంతమందో మీకూ తెలుసు.

ఒక్కప్రాణం
ఒకటి కాదు. ఎల్డెన్ రింగ్‌లో కాపీ వల్ల నువ్వు తప్పించుకున్నది మళ్లీ మొదటినుంచి ఆడే శ్రమ. ఆ బాస్‌ని నువ్వు నిజంగానే ఓడించావు. స్టీల్ సోల్‌లో తప్పించుకున్నది ఆ మోడ్ పెట్టిన ఒకే ఒక్క షరతు. మొదటిది దగ్గరదారి, రెండోది దారే మార్చేయడం.

పాతక్యాసెట్
ఇది కొత్త గొడవేమీ కాదు. 1980ల మొదట్లో ఆక్టివిజన్ కంపెనీ అటారీ 2600 అనే గేమ్ మిషన్ ఆటలకు గుడ్డ బ్యాడ్జీలు ఇచ్చేది. పిట్‌ఫాల్ అనే ఆటలో 20,000 పాయింట్లు దాటితే టీవీ తెరని ఫోటో తీసి పోస్టులో పంపాలి, వాళ్లు బ్యాడ్జీ పంపేవాళ్లు. అంటే మొదటినుంచీ ఇది ఇంకొకరికి చూపించే సాక్ష్యమే. 2005లో ఎక్స్‌బాక్స్ 360 గేమ్ మిషన్‌తో అచీవ్‌మెంట్లు వచ్చాక ఫోటో తీసే పని మిషన్ తీసుకుంది, అంతే తేడా.

కానీ మిషన్‌కి కష్టం తెలియదు. అవతార్: ద బర్నింగ్ ఎర్త్ అని 2007లో ఒక ఆట వచ్చింది. మొదట్లోనే ఒక్క బటన్ కొడుతూ ఆగకుండా 50 దెబ్బల కాంబో చేస్తే ఆ ఆట అచీవ్‌మెంట్లకున్న 1000 పాయింట్లూ వచ్చేస్తాయి, అయిదు నిమిషాల పని. దానికి ముందు ఏడాది వచ్చిన డెడ్ రైజింగ్‌లో సెవెన్ డే సర్వైవర్ (ఆటలో ఏడు రోజులు బతికితే వచ్చే అచీవ్‌మెంట్) కావాలంటే దాదాపు 14 గంటలు సేవ్ లేకుండా కూర్చోవాలి. ప్రొఫైల్లో రెండూ పాయింట్లే. కాబట్టి బొమ్మని బట్టి మనిషిని తూచొద్దు.

ఒక్కప్రాణం
డెడ్ రైజింగ్ ఉదాహరణ నా మాటకే బలం. అక్కడ సేవ్ పెట్టుకునే వీలుంటే ఆ అచీవ్‌మెంట్‌కి పేరే వచ్చేది కాదు.

బొమ్మాబొరుసు
స్టాన్లీ పారబుల్‌లో అయిదేళ్లు ఆట ముట్టుకోకుండా ఉంటే వచ్చేది ఒకటుంది. కంప్యూటర్ గడియారం ముందుకు తిప్పి తెచ్చుకున్నవాళ్లని ఏమందాం?

ఒక్కప్రాణం
అది లెక్క కాదనే అందాం.

వెన్నెలదారి
నేను ఇక్కడ ఎక్కువ రాయను, కానీ 'లెక్క కాదు' అన్న మాట పదేపదే చూస్తుంటే ఊరుకోలేకపోయాను. నాకు రెండేళ్లుగా మణికట్టు నొప్పి. గంటకి మించి కంట్రోలర్ పట్టుకోలేను. సెలెస్ట్ నేను అసిస్ట్ మోడ్‌లో పూర్తి చేశాను, వేగం తగ్గించుకుని. ఆ మోడ్ పెట్టినా ఆ ఆట అచీవ్‌మెంట్లు ఆపదు. తయారుచేసినవాళ్లే ఒప్పుకున్నారు. అయినా ఒక గ్రూపులో నా ప్రొఫైల్ చూసి "ఇవన్నీ ఊరికే వచ్చినవే" అన్నారు. ఆ రోజు ఆ గ్రూపు వదిలేశాను. ఆ ఆటలోని కొండపైకి చేరడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఊరికే ఎలా వచ్చినట్టు?

నూటికినూరు
అక్కా, నేను చెప్పేదీ అదే. ఎవరి కష్టం వాళ్లది.

ఒక్కప్రాణం
వెన్నెలదారి గారూ, మిమ్మల్ని ఎవరైనా అలా అంటే నేను మీ పక్కన నిలబడతాను. అసిస్ట్ మోడ్ ఆటలోనే ఉంది, ఆట మీకు చేయి అందించింది. ఫైల్ కాపీ చేయడం ఆటకి తెలియకుండా దాని వెనక జరిగే పని. తమ్ముడు మీ మాటని తన మాటకి అడ్డం పెట్టుకోవడం నాకు నచ్చలేదు.

నూటికినూరు
అడ్డం పెట్టుకున్నానా? ఎవరికి చేయి అందించాలో, ఎవరిని నిలదీయాలో మీరే నిర్ణయిస్తున్నారు. మీకున్న అసలు బాధ ఆ పక్కన కనిపించే శాతం. స్టీమ్‌లో (మనం ఆటలు కొనే చోటు) ఒక్కో అచీవ్‌మెంట్ ఎంతమంది తెచ్చుకున్నారో చూపిస్తుంది కదా, నాలాంటివాళ్ల వల్ల అది పెరిగితే మీ కష్టం చిన్నదైపోతుందని మీ భయం.

ఒక్కప్రాణం
అవును, బాధే. 50 గంటలు మట్టిలో కలిసిపోయాక మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టినవాడికి బాధ ఉండదా?

పాతక్యాసెట్
రెట్రో అచీవ్‌మెంట్స్‌లో దీనికి ఒక పద్ధతి ఉంది. పాత ఆటలకి అచీవ్‌మెంట్లు చేర్చే చోటు అది. హార్డ్‌కోర్ మోడ్‌లో సేవ్ స్టేట్లు (ఆటని ఏ క్షణంలోనైనా దాచి మళ్లీ అక్కడినుంచే ఆడే కాపీలు) పనిచేయవు. అవి వాడుకోవాలంటే మామూలు మోడ్‌లో ఆడొచ్చు, కానీ ఖాతా వేరుగా రాస్తారు. అబద్ధం చెప్పాల్సిన పని ఎవరికీ ఉండదు. మిగతా చోట్లా అలా ఉంటే మీ ఇద్దరికీ గొడవే లేదు.

నూటికినూరు
నేను అబద్ధం చెప్పలేదు! మొదటి పోస్టులోనే రెండుసార్లు చచ్చిపోయానని రాశాను. దాచుకున్నవాడు ఇలా అడుగుతాడా?

బొమ్మాబొరుసు
హాలో నైట్‌లో ఆట మధ్యలో వచ్చే కలల్లో చచ్చిపోతే స్టీల్ సోల్ ఫైల్ పోదు కదా? ఆ రెండూ కలల్లోవి కావా?

నూటికినూరు
కావు. డీప్‌నెస్ట్ కల కాదు, కొలోసియం కూడా కల కాదు.

ఒక్కప్రాణం గారూ, మీతో మాట్లాడి లాభం లేదు. ఆడుకోవడానికి కూర్చున్నవాడిని దొంగలా నిలబెట్టారు. నా సెలవు, నా ఆట. ఇందులో మీకు పోయిందేమిటి?

ఒక్కప్రాణం
ఏం పోయిందో చెప్తాను, అడిగావు కాబట్టి.

పోయిన ఏడాది పోర్టల్ 2 కో-ఆప్ (ఇద్దరు కలిసి పజిల్స్ విప్పే ఆట) ఆడదాం రమ్మని పిలిచావు. నేను ఎప్పుడూ ఆడలేదని చెప్తే "అయితే మరీ మంచిది అన్నా" అన్నావు. ఎంత సంతోషపడ్డానో నీకు తెలియదు. ఆ ఆటని పదేళ్లు ఎవరితో ఆడాలా అని దాచుకున్నాను, ఒంటరిగా మొదలుపెట్టలేదు. ఆ రాత్రి ఇద్దరం ఆ ఆటలోని రెండు రోబోలతో కాలిబ్రేషన్ అనే మొదటి కోర్సు పూర్తి చేశాం. నలభై నిమిషాలు కూడా పట్టలేదు. నీకు ఏదో శబ్దం వచ్చింది, "థాంక్స్ అన్నా, పనుంది" అని వెళ్లిపోయావు. ముందు ఇంకా అయిదు ప్రధాన కోర్సులున్నాయి. మూడు వారాలు రోజూ రాత్రి నీ పేరు పక్కన పచ్చచుక్క చూశాను. ప్రతిరోజూ ఇంకో ఆటలో ఉన్నావు.

తర్వాత తెలిసింది. ప్రొఫెసర్ పోర్టల్ అని ఒక అచీవ్‌మెంట్ ఉంది. కో-ఆప్ పూర్తి చేసినవాడు ఎప్పుడూ ఆడని స్నేహితుడితో ఆ మొదటి కోర్సు ఆడితే వస్తుంది. నీకు కావాల్సింది నేను కాదు, ఆట ఆడని మనిషి.

సేవ్ ఫైల్ గురించి ఇంతసేపు వాదించాను. అది నిజంగానే నా అభిప్రాయం, వెనక్కి తీసుకోను. కానీ నీ వారం లెక్క చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ రాత్రి. సోమవారం ఇన్ని, బుధవారం ఇన్ని అని రాసుకున్నావు. ఆ రాత్రి నీ లెక్కలో నేను కూడా ఒక అంకెనే.

వెన్నెలదారి
...

పాతక్యాసెట్
ఇది చదివాక మిగతాదంతా పక్కన పెట్టొచ్చు అనిపిస్తోంది. ఇద్దరూ కాస్త ఆగి రాయండి.

నూటికినూరు (సోమవారం, ఉదయం 6:35)
రాత్రి ఒకటికి చదివాను, ఇప్పటిదాకా నిద్ర పట్టలేదు.

అన్నా, మీరు చెప్పిన ప్రతిదీ నిజం. ఆ అచీవ్‌మెంట్ కోసమే పిలిచాను. మీరు దాచుకున్న ఆట అని నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అడగలేదు. అదే తప్పు. మీరు రోజూ చూశారని ఇప్పుడే తెలిసింది.

ఒక్కటి మాత్రం చెప్పనివ్వండి. నేను అంకెల కోసమే ఆడతానని మీరనుకుంటున్నారు. మూడేళ్ల క్రితం ఇంట్లో పరిస్థితి బాగోక ఏ పనీ పూర్తి చేయలేని స్థితిలో ఉన్నాను. చదువు సగంలో, ఉద్యోగం సగంలో. అప్పుడు ఒక చిన్న ఆటలో నూరు శాతం కనిపించింది. నేను పూర్తి చేసింది అదొక్కటే. అప్పటినుంచి సగంలో ఏది కనిపించినా భయమేస్తుంది. స్టీల్ సోల్ 20 గంటల దగ్గర పోయుంటే మళ్లీ మొదలుపెట్టే ధైర్యం నాకు లేదు. కాపీ పెట్టుకున్నది అందుకు, మిమ్మల్ని తక్కువ చేయడానికి కాదు.

పోర్టల్ 2లో నాకు తెచ్చుకోవాల్సినవేమీ మిగల్లేదు. ఈ శనివారం రాత్రి మిగతా అయిదు కోర్సులు ఆడదామా? గైడ్ తెరవను. పజిల్స్ నాకు గుర్తున్నా నోరెత్తను, మీరు ఎంతసేపు ఆలోచించినా సరే.

బొమ్మాబొరుసు
ఆడండి అన్నా.

ఒక్కప్రాణం
ఇంటి సంగతి నాకు తెలియదు తమ్ముడూ. చెప్పి ఉంటే ఆ మూడు వారాలు వేరేలా ఉండేవి.

శనివారం తొమ్మిదికి వస్తాను. గుర్తున్నా నోరెత్తకు, నిజంగానే. ఒక్కో గది నేనే విప్పుకోవాలి.

స్టీల్ సోల్ మాత్రం లెక్కలోకి రాదు.

నూటికినూరు
వస్తుంది. తొమ్మిదికి ఉంటాను.