గొట్టింగెన్‌లో సీటొచ్చింది. చిన్న ఊరు, బోర్ కొడుతుందా?

తెనాలి కుర్రాడు:
అందరికీ నమస్తే. జర్మనీలో గొట్టింగెన్ యూనివర్సిటీలో ఫిజిక్స్ మాస్టర్స్‌కి అడ్మిషన్ వచ్చింది, బెర్లిన్‌లో కూడా ఒకటి వచ్చేలా ఉంది. పెద్ద ఊరైతే మనవాళ్లుంటారు, పార్ట్‌టైమ్ దొరుకుతుందని నాన్న పట్టు. గొట్టింగెన్ జనాభా లక్ష పైచిలుకేనట, మా తెనాలి కంటే చిన్నది! అక్కడున్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

సైకిల్ బాబు:
బ్రో, నేనొచ్చి ఏడాదిన్నర. మొదటి ఆదివారం ఏడుపొచ్చింది, అబద్ధమెందుకు. షాపులన్నీ మూసేశారు, గదిలో పాలచుక్క లేదు, రోడ్డు మీద మనిషి లేడు, అమ్మకి ఫోన్ చేసి వచ్చేస్తానన్నా. ఇప్పుడు అదే ఆదివారం కోసం వారమంతా ఎదురుచూస్తున్నా. పాత ఊరి చుట్టూ ఒకప్పటి కోట గట్టు ఉంది, దాని మీద చెట్ల కింద నడుచుకుంటూ పోతే గంటలో ఊరంతా చుట్టేసి బయల్దేరిన చోటికే వస్తావు.

సెంటర్‌లో పాత టౌన్‌హాల్ ముందు ఫౌంటెన్ మీద బాతులు పట్టుకున్న పిల్ల బొమ్మ ఉంటుంది, గెన్సెలీజెల్ అంటారు, 1901 నాటిది. పీహెచ్‌డీ అయినవాళ్లు పైకెక్కి ఆ పిల్లకి పూలిచ్చి ముద్దు పెట్టడం ఇక్కడి ఆనవాయితీ. 1926లో దీన్ని నిషేధించారు, ఎవరు విన్నారు! మా ల్యాబ్ సీనియర్‌ని బండిలో కూర్చోబెట్టి, అట్టముక్కలతో చేసిన టోపీ పెట్టి, వానలోనే లాక్కెళ్లాం. దిగేటప్పుడు జారి ఒక కాలు నీళ్లలో పడింది, సాక్సు పిండుకుంటూనే బీరు తాగాడు.

నువ్వు ఫిజిక్స్ కాబట్టి ఊరి శ్మశానానికి తప్పకుండా వెళ్లు (నవ్వకు). మాక్స్ ప్లాంక్, ఒట్టో హాన్, హిల్బర్ట్ లాంటి మహా శాస్త్రవేత్తల సమాధులన్నీ అక్కడే. క్వాంటమ్ మెకానిక్స్‌కి పునాది వేసినవాళ్లలో ఒకడైన మాక్స్ బోర్న్ సమాధిరాయి మీద పేరుతో పాటు ఆయన సమీకరణం కూడా చెక్కారు. యూదుడని 1933లో నాజీలు ఆయన్ని ఇక్కడి ఉద్యోగంలోంచి తప్పిస్తే, తర్వాత సి.వి.రామన్ పిలుపు మీద బెంగళూరు వచ్చి కొన్ని నెలలున్నాడు. క్వాంటమ్ పరీక్ష ముందురోజు వెళ్లి ఆ రాయికి దణ్ణం పెట్టుకున్నా. పాసయ్యా, అత్తెసరు మార్కులే అనుకో.

నిజం నిష్ఠూరం:
తమ్ముడూ, పైన ఆయన చెప్పింది నిజమే, చెప్పనిది కూడా కొంచెం ఉంది. జర్మన్ రాకపోతే ఇక్కడ పార్ట్‌టైమ్ కష్టం, ఉన్న కాసిని పనులకీ విద్యార్థులే వందలమంది. గది వేట మరీ ఘోరం, హాస్టల్‌కి వెయిటింగ్ లిస్టు ఉంటుంది, ఈరోజే అప్లై చెయ్. డిసెంబర్‌లో నాలుగున్నరకి చీకటి పడితే కోట గట్టూ లేదు ఏమీ లేదు, గదిలో దుప్పటే. హై స్పీడ్ రైళ్లు ఆగుతాయి కాబట్టి ఊపిరాడకపోతే దగ్గర్లోని పెద్ద ఊరు హానోవర్‌కి పారిపోవచ్చు, ముప్పావు గంట కూడా పట్టదు.

పెసరట్టు:
నేను అక్కడ చదివి ఇప్పుడు మ్యూనిక్‌లో పనిచేస్తున్నా. నాకు జర్మన్ వచ్చిందంటే క్లాసుల వల్ల కాదు, శనివారం సంతలో కూరలమ్మే పెద్దావిడ వల్ల. జర్మన్‌లో నామవాచకాల ముందు లింగాన్ని బట్టి పెట్టే డేర్, డీ, డాస్‌లలో ఏది తప్పినా సరిదిద్ది, మళ్లీ నాతో అనిపించి అప్పుడుగానీ ముల్లంగి కట్ట చేతికిచ్చేది కాదు. వెనక లైన్లో ఉన్నవాళ్లు కూడా విసుక్కోకుండా ఆగేవాళ్లు, ఒకాయనైతే జవాబు అందించేవాడు. మ్యూనిక్‌లో అంత తీరిక ఎవరికీ లేదు. నాన్నగారిని ఒప్పించు బాబూ.

తెనాలి కుర్రాడు:
థాంక్యూ అన్నా, అక్కా. హాస్టల్‌కి ఇప్పుడే అప్లై చేశా. నాన్నకి సి.వి.రామన్ సంగతి చెప్తే కొంచెం మెత్తబడ్డారు. సైకిల్ అక్కడే కొనుక్కోవాలా?

సైకిల్ బాబు:
సెకండ్ హ్యాండ్‌ది కొను, లైట్లు పనిచేస్తున్నాయో లేదో చూసుకో. తాళం మాత్రం సైకిల్ కంటే ఖరీదైనా సరే మంచిది తీసుకో. స్టేషన్ దగ్గర నావి రెండు పోయాయి, ఇది మూడోది.