చెన్నై ఫ్లాట్‌లో పడకగదికి ట్రాపికల్ లుక్ పెట్టించాలా, వద్దా?

కొత్తిల్లు (షోలింగనల్లూర్):

అందరికీ నమస్కారం. నాలుగో అంతస్తులో ఫ్లాట్ తీసుకున్నాం, వచ్చే నెల గృహప్రవేశం. పడకగది 11×12 అడుగులు. పడమటి వైపు ఒక పెద్ద కిటికీ, దాన్ని ఆనుకుని చిన్న బాల్కనీ. ఇంటీరియర్ డిజైనర్ ట్రాపికల్ థీమ్ అని ఒక బొమ్మ చూపించారు. మంచం వెనక గోడకీ పడమటి గోడకీ అరిటాకులూ, చీలికలుండే పెద్ద మాన్‌స్టెరా ఆకులూ ఉన్న వినైల్ వాల్‌పేపర్, పేము అల్లిక హెడ్‌బోర్డు, వెదురు ఫాల్స్ సీలింగ్, మొత్తం 12 కుండీలు. మా వారికి చాలా నచ్చింది. మా అత్తయ్య మాత్రం పడుకునే గదిలో మొక్కలుంటే రాత్రి ఊపిరాడదు, ఒక్కటి కూడా వద్దంటున్నారు. మాకు 14 నెలల బాబు. ఉన్నదే చెన్నైలో, ఇక్కడ మళ్ళీ ఉష్ణమండలాన్ని డబ్బు పెట్టి తెచ్చుకోవడం ఏమిటని నాకూ సందేహంగా ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

వేళచ్చేరి వాసి:

మిగతావాటి సంగతి తర్వాత, ఆ పడమటి గోడకి వినైల్ మాత్రం అంటించకండి. మేం అంటించి బాధపడ్డాం. మొదటి ఏడాది అందరూ మెచ్చుకున్నారు. రెండో ఏడాది కార్తీకంలో వానలు పట్టుకున్నాక గదిలో ఏదో ముక్క వాసన. బీరువా జరిపి చూస్తే కాగితం అంచు ఉబ్బి ఉంది. లాగితే వెనకంతా నల్లటి బూజు. అప్పటికి మూడు నెలలుగా మా పాప పొద్దున లేస్తూనే తుమ్ముతూ ఉండేది. దేనివల్లో తెలియక మేం దుప్పట్లు మారుస్తున్నాం.

తర్వాత పెయింటింగ్ మేస్త్రీ చెప్తే అర్థమైంది. బయటి గోడ వానకి తడుస్తుంది, ఆ తేమ లోపలికి ఆరాలి. వినైల్ అంటే ప్లాస్టిక్ పొర కదా, ఆరనివ్వదు. పైగా ఏసీ వేస్తే లోపలి వైపు గోడ చల్లబడి, బయటి నుంచి వచ్చే తేమ ఆ కాగితం వెనకే నీరు కడుతుంది. చలి దేశాల్లో దీనికి తలకిందులుగా జరుగుతుంది, అక్కడ వెచ్చని తేమ గాలి ఇంట్లో ఉంటుంది. వాళ్ళకి పనికొచ్చే పద్ధతి మనకి పనికిరాదు.

ఆకులూ తీగలే కావాలనుకుంటే పెడన కలంకారీ గుడ్డ ఒకటి కర్రకి వేలాడదీయండి. వానాకాలం ముందు తీసి ఉతుక్కోవచ్చు, వెనక గోడ ఎలా ఉందో చూసుకోవచ్చు.

కోనసీమ పిల్ల (తొరైపాక్కం):

నేను అస్సలు ఒప్పుకోను. మా బెడ్‌రూం కిటికీ తీస్తే ఎదురు బ్లాక్ డ్రైనేజీ పైపులు కనిపిస్తాయి. అంతే, ఇంకేం లేదు. నేను అమలాపురం దగ్గర కొబ్బరితోటల మధ్య పెరిగాను. పొద్దున కళ్ళు తెరవగానే పచ్చదనం కనబడకపోతే నాకు రోజంతా ఏదో వెలితిగా ఉంటుంది. నాలుగేళ్ళ క్రితం మంచానికి ఎదురు గోడకి అరిటాకుల కాగితం వేయించుకున్నాను. అది హాలుకీ పడకగదికీ మధ్య గోడ. ఇప్పటిదాకా ఎక్కడా ఉబ్బలేదు. చెన్నైలో ఉంటే చాలు పచ్చదనం ఉన్నట్టే అనడం, ఈ ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) టవర్లలో ఉండని వాళ్ళ మాట. బొమ్మ ఆకులైనా సరే, మనసుకి అవి నిజంగానే పనిచేస్తాయి.

నర్సరీ మనిషి:

మొక్కల గురించి మాత్రం నేను చెప్తాను. మీ అత్తయ్య భయం నిజం కాదు. రాత్రిపూట మొక్క వదిలే బొగ్గుపులుసు వాయువు, పక్కన పడుకున్న మనిషి వదిలేదానితో పోలిస్తే లెక్కలోకి రాదు. ఇంకోవైపు, మొక్కలు గదిలో గాలిని శుభ్రం చేస్తాయని అమ్మేవాళ్ళ మాట కూడా నమ్మకండి. ఆ మాటకి మూలం 1989 నాసా ప్రయోగం. అది పూర్తిగా మూసేసిన చిన్న గదుల్లో చేసింది. 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు పాత ప్రయోగాలన్నీ లెక్కగట్టి చూశారు. మామూలుగా ఇంట్లోకి వచ్చిపోయే గాలి చేసే పనిని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకి పది నుంచి వెయ్యి మొక్కలు కావాలన్నారు. స్నేక్ ప్లాంట్ రాత్రి కూడా ఆకు రంధ్రాలు తెరుస్తుంది, నిజమే. దానివల్ల గదికి అదనపు ఆక్సిజన్ వస్తుందనుకోవడం మన ఆశ మాత్రమే.

మీ ఇంట్లో అసలు జాగ్రత్త బాబు గురించి. మాన్‌స్టెరా, డిఫెన్‌బాకియా, మనీ ప్లాంట్, ఈ మూడింటి ఆకుల్లో కాల్షియం ఆక్సలేట్ సూదులుంటాయి. పిల్లాడు నమిలితే నోరు మంట, వాపు. పాకే వయసులో కింద పెట్టకండి. సీసాలో నీళ్ళు పోసి మనీ ప్లాంట్ పెట్టే అలవాటు ఉంటే, వారానికోసారి నీళ్ళు పారబోసి సీసా లోపల రుద్ది కడగాలి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది అలాంటి నిలవ నీటిలోనే. వారం పది రోజుల్లో దోమై ఎగురుతుంది.

ఇంకో మాట. ఈ థీమ్‌లో పెట్టే మొక్కలు చాలావరకు మనవి కావు. మాన్‌స్టెరా మెక్సికో వైపుది, స్నేక్ ప్లాంట్ పశ్చిమ ఆఫ్రికాది. మన ఊళ్ళలో పెరిగే తమలపాకు తీగని ఎవరూ అడగరు. నీడ, తేమ దానికి ఇష్టం. పిల్లలున్న ఇంట్లో భయం లేదు.

మైలాపూర్ పెద్దాయన:

అమ్మా, నేను ఈ ఊళ్ళో సివిల్ పనుల్లో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాను. మీరందరూ ఆకుల గురించి మాట్లాడుతున్నారు. ట్రాపికల్ అనే పద్ధతి ఆకులతో మొదలవలేదు, ఎండనీ వాననీ తట్టుకోవడంతో మొదలైంది. శ్రీలంకలో ఆర్కిటెక్ట్ జెఫ్రీ బావా కట్టిన ఇళ్ళు చూడండి. లోతైన చూరులు, తెరిచిన వరండాలు, గాలి ఇటు నుంచి అటు పోయే గదులు. పచ్చదనం గోడ మీద ఉండదు, గోడ బయట ఉంటుంది. అంత దూరం ఎందుకు, ముట్టుకాడులో పాత ఇళ్ళని చూపించే దక్షిణచిత్ర మ్యూజియానికి ఒక ఆదివారం వెళ్ళండి. అక్కడ మన కోస్తా చుట్టిల్లు ఉంది. లోపల కాసేపు కూర్చుంటే తెలుస్తుంది. మైలాపూర్ పాత ఇళ్ళలో మద్రాస్ టెర్రస్ అనేవాళ్ళం, టేకు దూలాల మీద సన్నని ఇటుకలు ఐమూలగా పేర్చి సున్నంతో కట్టిన మిద్దె. ఎత్తుగా, పైన వెంటిలేటర్లతో ఉండేది. వేడి పైకి పోయేది.

మీ ఫ్లాట్‌లో ఆ ఎత్తు లేదు. ఉన్న కాస్త ఎత్తునీ ఫాల్స్ సీలింగ్‌తో తగ్గించుకోకండి. ఫ్యాను కింద గాలి ఆడాలి. వెదురు పైన దుమ్ము, బల్లులు వేరే.

మీకు అసలు శత్రువు పడమటి ఎండ. లోపల ఎంత మందం కర్టెన్ వేసినా, ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక వేడి గదిలోనే ఉండిపోతుంది. అద్దానికి బయట, బాల్కనీ చూరుకీ కిటికీ నెత్తికీ వెదురు తడికెలు కట్టించండి. మధ్యాహ్నం దింపండి, సాయంత్రం ఎత్తేయండి. సముద్రపు గాలి తూర్పు నుంచి వస్తుంది కాబట్టి హాలు తలుపు, మీ గది తలుపు, పడమటి కిటికీ మూడూ ఒకేసారి తెరిచి ఉంచాలి. గాలి రావడానికే కాదు, పోవడానికీ దారి ఉండాలి.

ఎవరైనా వట్టివేళ్ళ తడికెలు తడిపి కట్టమంటారేమో. కర్నూలు పొడి ఎండకి అది అమృతం. నీరు ఆవిరైతేనే చల్లదనం. ఇక్కడ గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది, సరిగ్గా ఆరదు, ఉక్క పెరుగుతుంది. 12 కుండీలు మూసిన గదిలో పెట్టినా అదే జరుగుతుంది.

పెరంబూర్ నుంచి:

పేము గురించి ఎవరూ చెప్పలేదు. మా మామగారి పేము కుర్చీ ముప్పై ఏళ్ళది, ఇప్పటికీ గట్టిగా ఉంది. ఏటా ఎండాకాలంలో రెండు రోజులు ఎండబెట్టి వార్నిష్ వేస్తారు. కాళ్ళ కింద పసుప్పచ్చ పిండి రాలితే పుచ్చు పట్టినట్టే, వెంటనే మందు పెట్టించాలి. అల్లిక హెడ్‌బోర్డు గోడకి ఆనకుండా రెండు అంగుళాలు వదలమనండి.

కోనసీమ పిల్ల:

పెద్దాయన గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే. కానీ అద్దె ఇంట్లో ఉన్న మాలాంటివాళ్ళకి బాల్కనీకి తడికె కట్టుకోవాలన్నా ఓనరు ఒప్పుకోవాలి, అసోసియేషన్ ఒప్పుకోవాలి. మా అసోసియేషన్ వాళ్ళు బయటి నుంచి అన్ని ఫ్లాట్లూ ఒకేలా కనిపించాలన్నారు. మా చేతిలో ఉన్నది లోపలి గోడ ఒక్కటే. దాన్నీ వద్దంటే ఇంకేం మిగులుతుంది?

మైలాపూర్ పెద్దాయన:

నిజమేనమ్మా, అద్దెవాళ్ళ ఇబ్బంది నేను ఆలోచించలేదు. లోపలి గోడ పొడిగా ఉంటే వేసుకోండి. వినైల్ కాకుండా గాలి ఆడే నాన్‌వోవెన్ (నేయని నారతో చేసిన) రకం అడగండి. అవతల బాత్రూం ఉన్న గోడకి మాత్రం వద్దు.

వేళచ్చేరి వాసి:

నాన్‌వోవెన్ అయినా నేను వేయను. ఆ నలుపు చూసినదాన్ని. పసివాడున్న ఇంట్లో అసలు వద్దు.

కొత్తిల్లు (షోలింగనల్లూర్):

అందరికీ ధన్యవాదాలు. నిన్న సాయంత్రం ఖాళీ ఫ్లాట్‌కి వెళ్ళి మూడు తలుపులూ తెరిచి నిలబడ్డాం. గాలి నిజంగా హాల్లోంచి కిటికీ దాకా వచ్చింది. మా వారు అక్కడే ఫాల్స్ సీలింగ్ వద్దన్నారు. బిల్డర్ చేతిలోనే ఇంకా అసోసియేషన్ ఉంది కాబట్టి తడికెలకి ఇప్పుడే రాసి అడుగుతున్నాం. పడమటి గోడకి మామూలు రంగు. మంచం వెనక గోడ హాలు వైపుది. దానికి అరిటాకులు కావాలని ఆయన, కలంకారీ చాలని నేను. ఇంకా తేలలేదు. ఆయన చిన్నప్పుడు పడుకున్న పెరటి గది కిటికీలోంచి అరటిచెట్లు కనబడేవట. ఈ మాట పెళ్ళైన ఆరేళ్ళలో నాకు నిన్ననే చెప్పారు. కుండీలు మూడే, అవీ బాల్కనీలో. తమలపాకు తీగ సంగతి చెప్తే అత్తయ్య, ఊళ్ళో మన పందిరి నుంచి నేనే ముక్క తెస్తానన్నారు. నర్సరీ గారూ, బస్సులో ఒక రాత్రి ప్రయాణం, వాడిపోకుండా ఎలా తేవాలో చెప్పగలరా?

నర్సరీ మనిషి:

మూడు నాలుగు కణుపులున్న ముదురు తీగ కోయమనండి. కింది కణుపులకి తడి గోనెగుడ్డ చుట్టి, పైన అరిటాకులో వదులుగా కట్టాలి. ప్లాస్టిక్ కవర్‌లో బిగించి మూయొద్దు. వచ్చిన రోజే ఇసుక, ఎరువు కలిపిన మట్టిలో రెండు కణుపులు లోపలికి పోయేలా నాటండి. పడమటి ఎండ నేరుగా తగలకూడదు, మీ తడికె నీడలో పెట్టండి.