ఇంటి దగ్గరే ఆల్టర్నేటర్ మార్చుకోవడం: మీ అనుభవాలు చెప్పండి

కాకినాడ_800:
మా 2006 మోడల్ మారుతి 800లో బ్యాటరీ గుర్తు ఉన్న ఎర్ర దీపం ఇంజన్ తిరుగుతున్నప్పుడు కూడా మసకగా వెలుగుతోంది. రాత్రిపూట హారన్ కొడితే హెడ్‌లైట్లు డల్ అయిపోతున్నాయి. బ్యాటరీ ఈ మధ్యే కొత్తది వేయించాను. ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించి బ్యాటరీని ఛార్జ్ చేసేది) పోయిందని ఎలక్ట్రీషియన్ తేల్చారు. నేనే మార్చుకుందామని ఉంది. కొత్తది కొనాలా, బాగుచేయించినది చాలునా, బండికి జాకీ ఎత్తాలా, దాన్ని తిప్పే బెల్టు కూడా మార్చాలా, దయచేసి చెప్పండి.

ఆటోనగర్_పానా:
విజయవాడ ఆటోనగర్‌లో ఆల్టర్నేటర్లు విప్పి బాగుచేయడమే నా వృత్తి కాబట్టి అధికారంతోనే చెబుతున్నాను. నా బల్ల మీదకు వచ్చేవాటిలో చాలావాటికి వైండింగు, అంటే లోపలి రాగి తీగ చుట్లు, నిక్షేపంగా ఉంటుంది, అరిగేవి రోటరుకు (లోపల తిరిగే భాగానికి) కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు, శబ్దం చేసేవి బేరింగులు. ఆ రెండూ మారిస్తే చాలినదానికి కొత్తది కొనిపించడం నాకు నచ్చదు. తిరిగి బిగించేటప్పుడు బ్రష్షులు స్ప్రింగు వల్ల బయటికి తోసుకొచ్చి రోటరును లోపలికి పోనివ్వవు. చాలా మోడళ్లలో వెనక మూతకు చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి సన్నటి తీగ దూర్చి బ్రష్షులను వెనక్కి ఆపి, రోటరు కూర్చున్నాక తీగ లాగేయాలి.

కర్నూలు_డీజిల్:
ఏదైనా కొనే ముందు ఎర్తు, అంటే బ్యాటరీ నెగటివ్‌కు కరెంటు తిరిగి చేరే దారి, చూసుకోండి. ఒక వర్క్‌షాపులో నా పాత సుమోకు కొత్త ఆల్టర్నేటర్ వేసి బిల్లు చేతిలో పెట్టారు, కొద్ది రోజులకే మళ్లీ అదే దీపం వెలిగింది. చివరికి చూస్తే ఇంజన్‌కూ బాడీకీ మధ్య జడలా అల్లిన ఎర్తు తీగ కొసన పచ్చటి పొడి పేరుకుని ఉంది. దాన్ని గీకి బిగిస్తే ఛార్జింగ్ సరిపోయింది. ఇంజన్ తిరుగుతూ హెడ్‌లైట్లు వెలుగుతుండగా మల్టీమీటరు ఒక కొసను ఆల్టర్నేటర్ బాడీకి, రెండోదాన్ని బ్యాటరీ నెగటివ్‌కు ఆనించండి. 0.2 వోల్టులకు మించి చూపిస్తే తప్పు ఆ దారిలోనే ఉంది.

అంబాసిడర్_అభిమాని:
ఇంత లెక్క అవసరం లేదు. బండి స్టార్ట్ చేసి బ్యాటరీ టెర్మినల్ ఒకటి తీసేయండి. ఇంజన్ ఆగిపోతే ఆల్టర్నేటర్ పోయినట్లే. మేము జీవితమంతా ఇలాగే చూసుకున్నాము.

ఆటోనగర్_పానా:
అయ్యా, ఈ సలహా ఎవరూ పాటించవద్దని వేడుకుంటున్నాను. ఛార్జింగ్ జరుగుతుండగా బ్యాటరీని విడదీస్తే రోటరులోని కరెంటు తక్షణమే తగ్గదు, ఆ ఒక్క క్షణంలో వోల్టేజి కొన్ని పదుల వోల్టులకు ఎగురుతుంది. డయోడ్లు (కరెంటును ఒకే దిశలో పోనిచ్చేవి), రెగ్యులేటరు (వోల్టేజిని అదుపులో ఉంచేది), ఇంజన్ కంప్యూటరు ఏది పోయినా ఆశ్చర్యం లేదు. కాకినాడ ఆయనది ఎంపీఎఫ్ఐ బండి, అంటే ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మడాన్ని కంప్యూటరే నడిపేది.

అంబాసిడర్_అభిమాని:
నా బండికి ఎన్నడూ ఏమీ కాలేదు. మీటర్లు లేని రోజుల్లో బండ్లు నడపలేదా? అనుభవాన్ని ఇంత తేలికగా తీసిపారేయడం మర్యాద కాదు.

ఉప్పల్_వైరింగ్:
పెద్దలు మీరు, మీ అనుభవాన్ని ఎవరూ కాదనడం లేదు. పాత అంబాసిడర్‌లో ఉన్నది డైనమో, అందులో డయోడ్లూ లేవు, ఆ బండికి కంప్యూటరూ లేదు. అక్కడ చెల్లిన పద్ధతి ఇక్కడ చెల్లదు. పైగా ఆ పరీక్ష డయోడు గుండా కరెంటు కారుతున్న సంగతి పట్టుకోలేదు. మా బండికి పగలు ఛార్జింగ్ బాగానే ఉండేది, రాత్రి నిలిపితే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. మీటరును ఏసీ వోల్టులకు తిప్పి, ఇంజన్ తిరుగుతుండగా బ్యాటరీ మీద పెడితే అర వోల్టుకు మించి వచ్చింది, అప్పుడే డయోడ్ల ప్లేటు మీద అనుమానం వచ్చింది.

డల్లాస్_తెలుగు:
ఇక్కడ చాలా విడిభాగాల దుకాణాల్లో ఆల్టర్నేటర్‌ను ఉచితంగా పరీక్షిస్తారు. బాగుచేసినది కొంటే పాతదానికి కొంత డిపాజిట్ పట్టుకుని, అది తెచ్చిస్తే తిరిగి ఇస్తారు. మన దగ్గర కూడా పాతది దుకాణంలో వదిలేసే ముందు బేరమాడండి, అందులో రాగి ఉంది.

కర్నూలు_డీజిల్:
డీజిల్ బండ్ల వారికి ఒక మాట. సుమో వంటివాటిలో ఆల్టర్నేటర్ వెనకే బ్రేకుల వాక్యూమ్ పంపు ఉంటుంది. దాని ఆయిల్, వాక్యూమ్ పైపులు సరిగా బిగించకుండా రోడ్డెక్కితే బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడుతుంది.

కాకినాడ_800:
అందరికీ ధన్యవాదాలు. ఇంజన్ తిరుగుతుండగా బ్యాటరీ మీద 12.3 వోల్టులే వచ్చింది, ఆల్టర్నేటర్ వెనక లావు తీగ దగ్గరా అంతే. ఎర్తులో తేడా లేదు. జాకీ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆటోనగర్_పానా:
13.8కీ 14.4కీ మధ్య రావాలి కాబట్టి లోపం ఆల్టర్నేటర్‌లోనే ఉంది. ముందు బ్యాటరీ నెగటివ్ విప్పండి, బిగించేటప్పుడు అదే చివరన. మీరన్న ఆ లావు తీగలో ఇంజన్ ఆపినా కరెంటు ఉంటుంది, పానా బాడీకి తగిలితే మంట లేస్తుంది. కింది బోల్టు పైనుంచి అందకపోతే జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరవద్దు, స్టాండ్లు తప్పనిసరిగా పెట్టండి. బెల్టు లోపలి వైపు పగుళ్లుంటే మార్చండి, లేకపోతే పాతదే చాలు. రెండు పుల్లీల నడుమ బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు దిగేలా బిగించండి, అంతకు మించి లాగితే కొత్త బేరింగు త్వరగా పోతుంది. కొత్త బెల్టు వేస్తే కొంతదూరం నడిపాక మళ్లీ సాగుతుంది, అప్పుడు ఇంకోసారి సరిచూడండి.