రాఫ్టింగ్ పోటీ జట్టుకు సాధన, నిధులు: అనుభవం ఉన్నవారు చెప్పండి

కృష్ణాతీరం (విజయవాడ):
మేము ఆరుగురం కలిసి రాఫ్టింగ్ పోటీలకు, అంటే గాలి నింపిన రబ్బరు పడవను (రాఫ్టు) ఉరికే నదిలో తెడ్లతో నడిపే పోటీలకు, జట్టుగా తయారవుతున్నాం. మాలో ఇద్దరు రిషీకేశ్‌లో గైడ్లుగా పనిచేసి వచ్చినవారు. మిగతా వాళ్లం ఈత, కయాకింగ్ (సన్నని చిన్న పడవ నడపడం) అలవాటున్నవాళ్లం. ప్రకాశం బ్యారేజీకి ఎగువన నీరు ఏడాదిలో ఎక్కువ కాలం నిలకడగా ఉంటుంది కాబట్టి తెడ్డు వేయడానికి చోటుకు కొదవ లేదు గాని, రాళ్ల మధ్య ఉరికే నీటికోసం మాత్రం రైలెక్కి వేరే రాష్ట్రానికి పోవలసిందే. నిలకడ నీటిలో ఎంతవరకు సాధన చేయవచ్చు, ప్రయాణాలకు అయ్యే డబ్బు ఎవరిని ఏమని అడగాలి అన్నవి నా ప్రశ్నలు. పడవ నడపడానికి చందాలేమిటని ఇంట్లోవాళ్లే నవ్వుతున్నారు.

గంగాగైడ్ (రిషీకేశ్, సొంతూరు శ్రీకాకుళం):
నిలకడ నీటిని తక్కువగా చూడకండి. అంతర్జాతీయ రాఫ్టింగ్ సమాఖ్య పోటీల్లో చాలాకాలంగా ఉన్న లెక్క ప్రకారం మొత్తం 1000 పాయింట్లలో తక్కువ దూరపు పరుగైన స్ప్రింట్‌కు 100, రెండు రాఫ్టులు ఒకేసారి బయలుదేరే హెడ్ టు హెడ్‌కు 200, వేలాడే గేట్ల మధ్య నుంచి దాటుకుంటూ పోయే స్లాలమ్‌కు 300, దూరం పోటీ అయిన డౌన్‌రివర్‌కు 400 వస్తాయి. అన్నిటికంటే ఎక్కువ పాయింట్లున్న డౌన్‌రివర్‌లో జట్టును నిలబెట్టేవి ఊపిరి, లయ. ఆ రెండూ మీ బ్యారేజీ నీటిలోనే పట్టుబడతాయి.

లయ అన్నాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ముందు కూర్చున్న ఇద్దరి తెడ్లు నీటిలో దిగిన క్షణానే వెనక నలుగురివీ దిగాలి. దానికోసం వెనకవాళ్లు ముందువాళ్ల తెడ్డును కాక భుజాన్ని చూడాలి, ఎందుకంటే తెడ్డు నీటిని తాకడం చూసి తమది వేసేసరికి అప్పటికే ఆలస్యమైపోతుంది. చేతులతో లాగేవాడు త్వరగా అలిసిపోతాడు. పాదాన్ని రాఫ్టులో అడ్డంగా ఉండే ట్యూబు కింద బిగించి, నడుము తిప్పి ముందుకు వంగి, ఒంటి బరువంతా తెడ్డు మీద వేసి లాగేవాడు చివరిదాకా నిలుస్తాడు. పోటీ రాఫ్టులో పర్యాటకుల రాఫ్టులోలాగా కేకలు వేసే గైడు వేరుగా ఉండడు, వెనక కూర్చున్న కెప్టెన్ కూడా తెడ్డు వేస్తూనే దారి తిప్పాలి. కనుక మీలో గైడ్లుగా పనిచేసిన ఇద్దరూ కూర్చుని ఆజ్ఞలిచ్చే అలవాటును ముందుగా వదులుకోవాలి.

స్లాలమ్‌కు తాడు కట్టి రెండేసి పీవీసీ గొట్టాలను వేలాడదీస్తే గేట్లు తయారవుతాయి. గొట్టాన్ని తాకితే 5 సెకన్లు, గేటు తప్పితే 50 సెకన్లు జరిమానాగా కలుస్తాయి. కాబట్టి మొదట్లో వేగం మాట ఎత్తకుండా తాకకుండా దాటడమే నేర్చుకోండి. బందరు కాలువలోనో ఏలూరు కాలువలోనో నీళ్లు వదిలినప్పుడు ప్రవాహం దొరుకుతుందన్న ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. అది మాత్రం వద్దు. లాకుల దగ్గరా, వంతెన స్తంభాల దగ్గరా ప్రవాహం మనిషిని అదిమి పట్టేస్తే లైఫ్ జాకెట్ కూడా ఆదుకోదు.

కృష్ణాతీరం:
నిజమే, మాలో ఒకరు ఏలూరు కాలువ మాట ఎత్తారు. ఇక ఎత్తరు. నిలకడ నీటిలో ఏది రాదు?

గంగాగైడ్:
నీటిని చదవడం రాదు. రాయి వెనక నీరు ఎదురు తిరిగే చోటును మేము ఎడ్డీ అంటాం. ప్రవాహం నుంచి దానిలోకి దూరేటప్పుడు ముందు వరుసలో ఎడ్డీ వైపు కూర్చున్నవాడు సరైన క్షణంలో తెడ్డును గుచ్చి నిలబెడితే రాఫ్టు ఆ తెడ్డు చుట్టూ తిరిగి లోపలికి వచ్చేస్తుంది, అర క్షణం ఆలస్యమైతే కిందికి కొట్టుకుపోతుంది. ఇది మాటలతో వచ్చేది కాదు. ఇక్కడ జూలై, ఆగస్టు నెలల్లో వర్షాల వల్ల రాఫ్టింగ్ మూసివేస్తారు. మీరు ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తే నీరు తక్కువగా, రాళ్లు తేలి ఉండి స్లాలమ్ సాధనకు అనువుగా ఉంటుంది. శివపురి నుంచి కిందికి రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్ ర్యాపిడ్ల (రాళ్ల మధ్య నీరు ఉరికే చోట్ల) దగ్గర శని, ఆదివారాల్లో పర్యాటకుల రాఫ్టులు వరస కడతాయి కాబట్టి మిగతా రోజుల్లో, పొద్దున్నే దిగండి.

బయలుదేరేలోపు కృష్ణలోనే రాఫ్టును కావాలని బోర్లా పడేసి, ఆరుగురూ మళ్లీ ఎక్కేదాకా గడియారం పెట్టుకుని సాధన చేయండి. నీటిలో పడ్డవారికి విసిరే తాడు సంచి, అంటే త్రో బ్యాగు, విసరడం ఆరుగురికీ రావాలి. పారే నీటిలో పడితే పాదాలు పైకి తేల్చి, దిగువకు చాచి వెల్లకిలా తేలాలే గాని నిలబడే ప్రయత్నం చేయకూడదన్నది, రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకు తోసి ముంచేస్తుందన్నది, మీ ఈతగాళ్లకు పదేపదే చెప్పాలి. ఈత బాగా వచ్చినవాళ్లే నిలబడాలని చూస్తారు.

కుండలికబాట (పుణె):
విజయవాడ నుంచి రిషీకేశ్ కంటే మహారాష్ట్రలోని కోలాడ్ దగ్గర. అక్కడి కుండలిక నదిలో భీరా జలవిద్యుత్ కేంద్రం వదిలే నీటిమీదే రాఫ్టింగ్ నడుస్తుంది. ర్యాపిడ్లు గంగలో ఉన్నంత పెద్దవి కావు, నిజమే. అయితే వదిలే నీరు ఇంచుమించు ఒకేలా ఉన్న రోజుల్లో ఒకే దూరాన్ని మళ్లీ మళ్లీ పరుగెత్తించి చూసుకుంటే, సమయం తగ్గినది మీ సాధన వల్లనా నీటి ఉద్ధృతి వల్లనా అన్న సందేహం చాలావరకు ఉండదు. గంగలో ఆ లెక్క కుదరదు. నీరు సాధారణంగా పొద్దుటి పూట వస్తుంది, విద్యుత్ అవసరాన్ని బట్టి మారుతుంది కూడా. ముందురోజు సాయంత్రం అక్కడి నిర్వాహకులను అడిగి తెలుసుకోవాలి.

తెడ్డుసవ్వడి (బెంగళూరు):
మాది మహిళల జట్టు, సాధన దాండేలి దగ్గర కాళీ నదిలో. డబ్బు గురించి చెబుతాను. "మా జట్టుకు సాయం చేయండి" అని అడిగినంత కాలం మాకు ఆశీస్సులు తప్ప ఏమీ రాలేదు. తర్వాత ఒక రోజు నీటి ఖర్చు ఎంతో లెక్క కట్టాం: రాఫ్టు అద్దె, రక్షణ కోసం వెంట వచ్చే కయాక్ మనిషి కూలి, రాఫ్టును పైకి తెచ్చే జీపు, భోజనం. ఆ మొత్తాన్ని కాగితం మీద చూపించి, "మాకు ఒక రోజు నీళ్లు ఇప్పించండి" అని అడగడం మొదలుపెట్టాక అపార్ట్‌మెంటు సంఘాలు, వీధి చివరి మెడికల్ షాపు, మా ఆఫీసుల్లోని సహోద్యోగులు ఒక్కొక్కరు ఒక్కో రోజు తీసుకున్నారు. ఆ రోజు తీసిన వీడియోను సాయంత్రానికల్లా వాళ్లకు పంపేవాళ్లం, దాని వల్లే మళ్లీ ఇచ్చినవాళ్లు ఎక్కువ.

పెద్ద సంస్థల వెంట తిరగడం మొదట్లో వద్దు. ఒక సంస్థ మా జెర్సీల మీద తన పేరు వేయించుకుని, పోటీ దగ్గరపడ్డాక ఈ ఏడాది బడ్జెట్ లేదంది. డబ్బు ఖాతాలో పడేదాకా ఎవరి పేరూ అచ్చు వేయించకండి. సొంత రాఫ్టు కొనాలన్న తొందర కూడా వద్దు. దానిని ఉంచడానికి చోటు, అతుకులు వేయడం, లారీలో పంపడం అన్నీ ఖర్చులే.

కుండలికబాట:
రాఫ్టు విషయంలో నేను ఒప్పుకోను. అద్దె రాఫ్టులు పర్యాటకుల కోసం చేసినవి, బరువైనవి, గాలి కూడా ఒక్కోరోజు ఒక్కోలా ఉంటుంది. పాతదైనా ఒకటి సొంతంగా ఉంటే కృష్ణలో రోజూ దించవచ్చు కదా? అద్దెకు తెచ్చేది నదికి వెళ్లినప్పుడు తెచ్చుకోవచ్చు.

లండన్‌సరంగు (లండన్):
2012 ఒలింపిక్స్ కోసం కట్టిన లీ వ్యాలీ కేంద్రంలో మా క్లబ్బు సాధన చేస్తుంది. పంపులతో నీరు తోడి పారించే 300 మీటర్ల కాలువ అది, పైనుంచి కిందికి 5.5 మీటర్ల వాలు. కింద చేరగానే కన్వేయర్ రాఫ్టును తిరిగి పైకి చేర్చేస్తుంది కాబట్టి అద్దె గంటలో ఒక్క నిమిషమూ వృథా పోదు. గంట ఖరీదు మాత్రం గుండె ఆగేంత. ఇక్కడ కూడా రాఫ్టింగ్ జట్లు చాలావరకు సొంత డబ్బుతోనే నడుస్తాయి. ఉగాది సంబరాల్లో గారెలు, పులిహోర అమ్మే స్టాలు పెట్టి కొంత కూడబెట్టాం. అక్కడ కొన్నవారిలో సగం మందికి రాఫ్టింగ్ అంటే ఏమిటో తెలియదు, గారెలు బాగున్నాయని ఇచ్చారు. గుర్తింపు పొందిన క్లబ్బుకు పన్ను చెల్లించేవారు విరాళమిస్తే గిఫ్ట్ ఎయిడ్ కింద ప్రతి పౌండుకు ప్రభుత్వం నుంచి 25 పెన్నీలు అదనంగా వస్తాయి. గారెలకు అది వర్తించదు, కొనుగోలు కాబట్టి.

పద్దులలెక్క (హైదరాబాద్):
నేను ఆడిటర్ని, రాఫ్టు ఎక్కినవాణ్ణి కాదు. కృష్ణాతీరం గారూ, కెప్టెన్ సొంత ఖాతాలో విరాళాలు వేయించుకోకండి. బంధువులు కానివారి నుంచి ఏడాదిలో వచ్చిన మొత్తం 50,000 రూపాయలు దాటితే అది ఆయన ఆదాయంగా పన్నుకు వస్తుంది. సొసైటీగా నమోదు చేసుకోండి. మన రాష్ట్రాల్లో 2001 నాటి చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి కనుక మీ ఆరుగురికి తోడు ఒక అదనపు ఆటగాడినో కోశాధికారినో చూసుకోవాలి.

కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద సామాజిక బాధ్యత నిధులు ఖర్చు చేయవలసిన సంస్థలకు గ్రామీణ క్రీడలు, జాతీయ స్థాయిలో గుర్తింపు పొందిన క్రీడలు, ఒలింపిక్, పారాలింపిక్ క్రీడల శిక్షణ అర్హమైన పనుల్లో ఒకటి. రాఫ్టింగ్ ఒలింపిక్ క్రీడ కాదు. అందువల్ల గుర్తింపు ఏ రూపంలో ఉందో చూపించే కాగితం లేకుండా ఆ నిధుల కోసం వెళ్తే మొదటి సమావేశంలోనే తిప్పి పంపుతారు. అదే కంపెనీ ప్రచార ఖాతా నుంచి స్పాన్సర్‌షిప్ ఇవ్వడానికి ఈ ఇబ్బంది లేదు. ఏ తలుపు తడుతున్నారో తెలుసుకుని తట్టండి.

కృష్ణాతీరం:
అమెరికాలో ఉన్న మా బావగారు, ఆయన స్నేహితులు కలిసి పంపుతామంటున్నారు. సొసైటీ ఖాతాలో వేయించవచ్చా?

పద్దులలెక్క:
మీ బావగారి పాస్‌పోర్టు ఏ దేశానిదో ముందుగా అడగండి. భారత పౌరుడిగానే ఉండి, సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఆయన విదేశీ దాతే. విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేకుండా మీ సొసైటీ ఒక్క డాలరూ తీసుకోకూడదు. స్నేహితుల డబ్బంతా పోగేసి ఒకరి పేరు మీద పంపే ఆలోచన ఉంటే ఇప్పుడే మానిపించండి, ఎవరిది ఎంతో తేల్చలేక రేపు మీరే ఇబ్బంది పడతారు.

కృష్ణాతీరం:
బావగారిది ఇంకా మన పాస్‌పోర్టే, స్నేహితుల్లో ఇద్దరివి కావు. ఆయన ఒక్కరినే పంపమంటాను. ఏడో సభ్యుడిగా మా కయాకింగ్ కోచ్ ఒప్పుకున్నారు. కుండలికబాట గారూ, పాత రాఫ్టు కొనేటప్పుడు ఏం చూడాలి?

కుండలికబాట:
గాలి నింపి రాత్రంతా వదిలేసి పొద్దున్న నొక్కి చూడండి. అతుకుల వెంట, వాల్వుల చుట్టూ సబ్బు నీళ్లు పూసి బుడగలు వస్తున్నాయేమో గమనించండి. అడుగుభాగం ట్యూబుకు కలిసే కుట్టు దగ్గర ఊడి ఉంటే ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు.